ఇరవై మైళ్ళ ఒట్టు

నాకు కోపం ఎక్కువ. తార్నాకలో ఎవర్నడిగినా చెబుతారు. మెట్రో స్టేషన్ వెనక సందులో నా షెడ్డు, బోర్డు లేదు. పాత కార్లున్నవాళ్ళు బోర్డు చూసి రారు, వెతుక్కుంటూ వస్తారు. వచ్చి, ఫోన్లో చూసిన నాలుగు ముక్కలు నాకే అప్పజెబుతారు. నేను తిడతాను, వాళ్ళు పడతారు, బండి బాగయ్యాక మళ్ళీ వస్తారు. ముప్పై రెండేళ్ళుగా ఇదే వరస. నా పేరు నరహరి. జరిగినదంతా నా కోపం వల్లే జరిగింది కాబట్టి ముందుగా దాని సంగతి చెప్పుకున్నాను.

అచ్యుతరామయ్య గారు యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. కోస్తా వైపు మనిషి, హబ్సిగూడలో సొంత ఫ్లాటు. యాభై ఏడు మోడల్ ఇంగ్లిష్ కారు ఒకటి ఉండేది ఆయనకు, లేత పచ్చ రంగుది. రోజూ పొద్దున ఆరింటికి దాన్ని క్యాంపస్‌కు తోలుకెళ్ళి, చెట్ల కింద పెట్టి, గంటసేపు నడిచి, మళ్ళీ తోలుకుంటూ ఇల్లు చేరేవారు. ఇరవై ఏళ్ళలో ఆ కారు మీద నా చెయ్యి తప్ప ఇంకో మేస్త్రీ చెయ్యి పడలేదు.

ఆ కారుకు ఓవర్‌డ్రైవ్ ఉంది. టాప్ గేరుకు పైన ఇంకో మెట్టు అనుకోండి. స్టీరింగు కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని వేస్తే బండి అడుగున టిక్కుమంటుంది, అదే వేగానికి ఇంజను తక్కువ తిరుగుతుంది. వరంగల్ రోడ్డు మీద యాభై మైళ్ళలో పోయేటప్పుడు చాలా హాయి. అదే నెమ్మదిగా పోయేటప్పుడు వేస్తే ఇంజనుకు ప్రాణసంకటం. బలం చాలక దడదడలాడుతుంది, కాస్త ఎత్తు వచ్చినా మూలిగి ఆగిపోతుంది. అందుకని కారు చేసినవాడు దాంట్లో ఒక స్విచ్చు పెట్టాడు. ముప్పై మైళ్ళ లోపు మీట వేసినా ఓవర్‌డ్రైవ్ పడదు. పడి ఉన్నా, వేగం తగ్గగానే దానంతటదే ఊడిపోతుంది.

ఆ స్విచ్చంటే అచ్యుతరామయ్య గారికి పగ. ఎందుకంటే ఆయన ముప్పై దాటే మనిషి కాదు. ఏళ్ళ కిందట విజయవాడ దారిలో లారీ కింద పడబోయి తప్పించుకున్నారట. ఇంటికొచ్చాక ఆయన భార్య కాత్యాయని గారు ఆయన చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుని, "ఇరవై దాటితే నా మీద ఒట్టే" అన్నారట. ఆయన దేవుణ్ణి నమ్మరు, జాతకం నమ్మరు. ఆ ఒట్టును మాత్రం నమ్మేశారు. స్పీడు మీటరు ముల్లు ఇరవై మీద నిలబెట్టి తోలేవారు, వెనక ఆటోలవాళ్ళు హారన్లు కొట్టికొట్టి విసిగిపోయేవారు.

"ఇరవైలో కూడా ఓవర్‌డ్రైవ్ పడేటట్టు చెయ్యి నరహరీ. ఇంజను తక్కువ తిరిగితే పెట్రోలు తక్కువ తాగుతుంది. చప్పుడు కూడా ఉండదు," అనేవారు.

"వద్దు సార్. మెల్లగ వోయేటప్పుడు ఏస్తే ఇంజన్ కొట్టుకుంటది. బేరింగులు పోతయ్."

"ఫిజిక్స్ నాకు నేర్పుతావా?"

"మీకు ఫిజిక్స్ తెలుసు సార్. నాకు గీ బండి తెలుసు."

నాలుగేళ్ళు ఇదే పంచాయితీ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. నేనూ తక్కువ తినలేదు. పోయిన దసరా వెళ్ళాక ఒకరోజు మళ్ళీ వచ్చి అదే రాగం ఎత్తుకున్నారు. పొద్దున్నుంచీ ఒక జీపు గేరుబాక్సుతో కుస్తీ పడుతున్నాను, ఒళ్ళు మండిపోయింది. లేచి, ఎర్ర వైరు జానెడు కోసి, ఆ స్విచ్చు రెండు కొసలనూ దాంతో కలిపేసి, పైన టేపు చుట్టేశాను. అంటే స్విచ్చు ఉన్నా లేనట్టే.

"తీస్కోండ్రి సార్. ఇగ మెల్లగ వోయినా పడ్తది. మీరు మీట తీసేదాంక ఊడది. మల్ల నన్ను అడగొద్దు," అన్నాను.

ఆయన చిన్నపిల్లాడిలా నవ్వి, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. సాయంత్రానికి నా కోపం చల్లారింది. పిలిచి ఆ వైరు తీసేద్దామని కూడా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

పందొమ్మిది రోజులకు ఆయన పోయారు.

క్యాంపస్‌లో నడకవాళ్ళు తిరిగే గ్రౌండు దాటాక, తార్నాక గేటు వైపు వచ్చే దారిలో, నీళ్ళ ట్యాంకు పక్కన కాస్త ఎత్తు ఉంది. సైకిలు తొక్కేవాడికి తప్ప ఇంకెవరికీ అది ఎత్తని కూడా తెలియదు. ఆ పొద్దున నడుస్తుంటే ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా కారెక్కి, తార్నాక చౌరస్తా అవతలి ఆసుపత్రికి బయల్దేరారు. ఆ ఎత్తు దగ్గరే ఆగిపోయారు. తర్వాత సంగతి నాకు వెంకటేశం చెప్పాడు. బౌద్ధనగర్‌లో ఉంటాడు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, పొద్దున్నే గ్రౌండులో నడుస్తాడు.

"మొదటి రౌండ్ల సప్పుడు ఇన్ననన్నా. బండి ఎత్తు ఎక్కుతలేదు, మూలుగుతున్నది. బందయింది. మల్ల స్టార్ట్ జేసిండు, మల్ల మూలిగింది. రెండో రౌండ్ల గూడ గాడనే ఉన్నది. సార్ ఏదో టెస్టింగ్ జేస్తున్నడేమో అనుకున్న. మూడో రౌండ్ల సప్పుడు లేదు. అప్పుడు వోయి చూసిన."

పది నిమిషాల ముందు తెచ్చి ఉంటే బతికేవారని డాక్టర్లు అన్నారట.

కారును నా షెడ్డుకే తెచ్చి పెట్టారు. గేరు టాప్‌లో ఉంది, ఓవర్‌డ్రైవ్ మీట వేసే ఉంది. ఆ నొప్పిలో గేరు మార్చే ఓపిక ఎక్కడిది, మీట సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆ ఇంజను టాప్‌లో ఆ ఎత్తు ఎక్కుతుంది, నేనే వందసార్లు ఎక్కించాను. ఓవర్‌డ్రైవ్ పడి ఉంటే ఎక్కదు. నా వైరు లేకపోతే ఆ వేగంలో అది పడేదే కాదు, పడినా బండే దాన్ని వదిలేసేది, ఆయన ఆసుపత్రికి చేరేవారు. షట్టరు దించుకుని మొట్టమొదట ఆ ఎర్ర వైరు పీకేశాను. మర్నాడు చెత్త బండిలో పడేశాను. చూసినవాళ్ళు లేరు.

నెల తిరిగాక కాత్యాయని గారు వచ్చారు. మనిషి సగమయ్యారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కారు చుట్టూ ఒకసారి తిరిగి నా ముందు నిలబడ్డారు.

"నిజం చెప్పు నరహరీ. బండిలో ఏమైనా లోపం ఉందా?"

"బండి బంగారమమ్మా. ఏం లేదు," అన్నాను.

ఆమె తలూపారు. "అయితే నేనే. గుండె పట్టేస్తున్నా ఆయన ఇరవై దాటలేదు. దాటితే నాకేమైపోతుందోనని పాకించుకుంటూ వెళ్ళారు. నా ఒట్టే ఆయన్ని తినేసింది."

వైరు సంగతి చెబితే పది మంది కస్టమర్లు పోతారని భయం, పోలీసులంటే భయం, అన్నిటికన్నా ఆమె మొహం చూడలేనేమోనని భయం. అందరినీ తిట్టే నోరు ఆ ఒక్క మాట దగ్గర మూతబడింది.

వాళ్ళమ్మాయి సుధామయి ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మ అన్నం ముట్టడం లేదండీ. రాత్రంతా మంచం మీద కూర్చుని 'పోనివ్వండి, పోనివ్వండి' అంటూ ఉంటుంది. డాక్టరు మందులిచ్చాడు, మింగదు. ఇలాగే ఉంటే అమ్మ కూడా నాకు దక్కదు." నేను ఒక్క మాట చెబితే ఆ తల్లి బతుకుతుందని నాకు తెలుసు. ధైర్యంగా ఉండమని ఆ పిల్లకే చెప్పి ఫోన్ పెట్టేశాను.

సంక్రాంతి వెళ్ళాక కాత్యాయని గారే ఫోన్ చేశారు. కారు సిద్ధం చెయ్యమన్నారు. "ఆ ఎత్తు మీదికి నేనే తోలుకెళతాను. అక్కడ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేస్తాను. ఆయన నాకు డ్రైవింగు నేర్పింది ఆ కారులోనే. నువ్వు పక్కన కూర్చో చాలు."

ఆమె రావడానికి రెండు రోజుల ముందు, ఒకసారి చూసుకుందామని కారు క్యాంపస్‌కు తీసుకెళ్ళాను. మిట్ట మధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది, హాస్టలు పిల్లలు స్కూటర్ల మీద పోతున్నారు. టాప్ గేరులో ఇరవై మీద ఆ ఎత్తు దగ్గరికి వచ్చాను. కరెంటు స్తంభాలు ఉన్నాయి అక్కడ దారి పొడుగునా. ఎత్తు మొదలైన చోటు నుంచి అయిదో స్తంభం దగ్గర, బండి అడుగున టిక్కుమంది.

ఆ చప్పుడు నాకు నా పేరంత బాగా తెలుసు. ఓవర్‌డ్రైవ్ పడింది. మీట చూశాను, తీసే ఉంది. ఇంజను దడదడలాడింది, మూలిగింది, ఆగిపోయింది. సరిగ్గా ఆయన ఆగిన చోటే.

వైరు ఎక్కడో అంటుకుని ఉంటుందనుకున్నాను. షెడ్డుకు తెచ్చి, వైరింగు మొత్తం వెతికి, చివరికి ఓవర్‌డ్రైవ్‌ను లాగి పట్టుకునే సోలెనాయిడ్‌నే విప్పి బల్ల మీద పెట్టాను. అది లేకుండా ఓవర్‌డ్రైవ్ పడదు. చెయ్యి లేకుండా చప్పట్లు కొట్టడం ఎట్లాగో అట్లా. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళాను. అయిదో స్తంభం. టిక్కు. సోలెనాయిడ్ నా బల్ల మీద ఉంది, చప్పుడు నా కాళ్ళ కింద అయింది.

నా చెమటకు స్టీరింగు జారిపోయింది. ఇంజను ఆగిపోయేదాకా ఆ మూలుగు విన్నాను. ముప్పై రెండేళ్ళుగా ఇంజన్ల మూలుగులు వింటున్నవాణ్ణి. అది ఇంజనుది కాదు. ఊపిరి అందనివాడు ఎగపీలుస్తుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. తలుపు తీసుకుని రోడ్డు మీద పడ్డాను. పక్కనే ఒక పిల్లవాడు చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచిపోతున్నాడు, నా వంక కూడా చూడలేదు.

ఆ రాత్రి ఫోన్ చేసి రావద్దని చెబుదామనుకున్నాను. ఏం చెప్పి ఆపను? బండి బంగారమన్నది నేనే కదా.

కాత్యాయని గారు పొద్దున ఆరున్నరకు వచ్చారు. తెల్ల చీర మీద శాలువా కప్పుకున్నారు. స్టీరింగు ముందు కూర్చుని సీటు ముందుకు జరుపుకున్నారు, ఏళ్ళ అలవాటు తప్పలేదు. నేను పక్కన కూర్చున్నాను. మంచు పట్టి ఉంది. గేటు దాటి గ్రౌండు దాకా వెళ్ళి, ఆ ఎత్తు వైపు వెనక్కి తిరిగాం. నడకవాళ్ళు మంచులో తలలు మాత్రం కనిపిస్తూ పోతున్నారు. ముల్లు ఇరవై మీద ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి.

అయిదో స్తంభం దగ్గర టిక్కుమంది.

"అదే కదూ ఓవర్‌డ్రైవ్?" అన్నారు ఆమె. "మీట నేను వెయ్యలేదే."

ఇంజను దడదడ మొదలుపెట్టింది. ముల్లు పదిహేనుకు వచ్చింది, పదికి, అయిదుకు. ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ముల్లు సున్నా మీద పడింది, అయినా స్తంభం మా పక్కనుంచి మెల్లగా వెనక్కి జరుగుతూనే ఉంది. అంత తక్కువ వేగంలో ఏ ఇంజనూ బతకదు. అద్దాలకు లోపలి వైపు నుంచి ఆవిరి పట్టింది, మేమిద్దరమే ఉన్నా పది మంది ఊపిరి వదిలినట్టు. ఆ మూలుగు మా ముందు బానెట్‌లోంచి రావడం లేదు. సీట్ల మధ్యనుంచి వస్తోంది.

ఆమె భయపడలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

"ఏమండీ," అన్నారు, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. నాకేమీ కాదు. గట్టిగా పోనివ్వండి."

మూలుగు ఎక్కువైంది. ఒకసారి ఎగపీల్చి, ఆగి, మళ్ళీ ఎగపీల్చింది.

"పోనివ్వండి," అన్నారు మళ్ళీ. "నా మాట వింటున్నారా? తప్పు నాదేనండీ. నన్ను క్షమించి పోనివ్వండి." స్టీరింగు మీద తల ఆనించుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి. బండి మాత్రం పాకుతోంది. నేను తల వెనక్కి తిప్పలేదు. వెనక సీటులో ఎవరూ లేరని చూసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఆమె అట్లాగే పోతారనిపించింది నాకు, ఆ స్టీరింగు మీదే, నా పక్కనే. ఇంకో ప్రాణం.

"తప్పు మీది కాదమ్మా, నాది," అన్నాను.

ఆమె తలెత్తలేదు. చెప్పాను. స్విచ్చు సంగతి, ఎర్ర వైరు సంగతి, టేపు చుట్టిన సంగతి, షట్టరు దించుకుని పీకేసిన సంగతి, చెత్త బండి సంగతి. "సార్ ఒట్టు కోసం మెల్లగ వోలే. నా వైరు పోనియ్యలే. బండి దానంతట అదే ఇడిషిపెట్టేదుండె. నేను పట్టి ఉంచిన."

మూలుగు ఆగింది. ఇంజను కూడా ఆగింది, మామూలు ఇంజను ఆగినట్టే. బయట కాకులు అరుస్తున్నాయి.

ఆమె తలెత్తి నా వైపు తిరిగారు. "ఆ రోజు నిన్ను అడిగాను. బంగారమన్నావు."

"అన్ననమ్మా."

"మూడు నెలలు నరహరీ. మూడు నెలలు నన్ను నేను కోసుకున్నాను. నువ్వు చూస్తూ ఉన్నావు."

అరిచి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆమె తలుపు తీసుకుని దిగి, శాలువా సర్దుకుని, ఆ ఎత్తు మీద తార్నాక వైపు నడిచి వెళ్ళిపోయారు. నెమ్మదిగా కాదు, పనున్న మనిషి నడిచినట్టు నడిచారు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రాత్రి అమ్మ అన్నం తిని పడుకుందని సుధామయి తర్వాత చెప్పింది. అంతే చెప్పి ఫోన్ పెట్టేసింది. ఎవరూ కేసు పెట్టలేదు. వారానికి కారు కాగితాలు నా పేరున మార్పించి పంపారు. వాటితో ఉత్తరం గానీ, ఒక్క మాట గానీ లేదు. ఆ ఇంట్లో ఆ కారు ఉంచుకోరు, ఇంకొకళ్ళకు అమ్మరు, అంతే.

ఆమె వెళ్ళిపోయిన ఆ పొద్దున, నేను స్టీరింగు ముందుకు జరిగి బండి స్టార్ట్ చేశాను. కదిలింది. ఇక సార్ విడుదలైపోయారు అనుకున్నాను, నిజంగా ఏడ్చాను. ఆరో స్తంభం దగ్గర టిక్కుమంది.

మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. నాలుగో రోజు చాయ్ దగ్గర వెంకటేశం కలిస్తే ఆపుకోలేక అతనికి చెప్పేశాను. గ్లాసు సగంలో పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ నాతో చాయ్ తాగలేదు. ఆ తెల్లారి బండి ఏడో స్తంభం దాకా పోయింది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన ఆసుపత్రికి పోవాలి. దారి ఇవ్వాల్సింది నేను. ఒక మనిషికి చెబితే ఒక స్తంభం. చెప్పినవాళ్ళకే మళ్ళీ చెబితే లెక్కలోకి రాదు. ఆయనే పట్టుబట్టారని, నేను వద్దన్నానని కలిపి చెప్పిన రోజు బండి అంగుళం ముందుకు పోలేదు. మీకు ఆ గొడవంతా చెప్పింది ఎట్లా జరిగిందో తెలియాలని, తప్పు పంచుకోవాలని కాదు. కలిపిన చెయ్యి నాది. దాచిన నోరు నాది.

కస్టమర్లకు చెప్పాను. సగం మంది బళ్ళు తీసుకుపోయారు. మా ఆవిడ వనజకు చెప్పాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు, ఆ తర్వాత పొద్దున్నే లేచి నాకు చాయ్ పెట్టివ్వడం మొదలుపెట్టింది. బస్టాపులో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చెప్పాను, పిచ్చివాడనుకుని జరిగి నిలబడ్డారు. అయినా స్తంభం కలిసింది. ఇప్పుడు బండి క్యాంపస్ గేటు దాటి, తార్నాక రోడ్డు మీద, చౌరస్తాకు ఇవతల ఆగుతోంది. వెనక బస్సులు హారన్లు కొడతాయి. నేను దిగను. ఆ ఊపిరి ఆగేదాకా పక్కన కూర్చుంటాను. ఆ రోజు ఎవరూ కూర్చోలేదు కదా.

ఆసుపత్రి గేటుకు ఇంకా ఇరవై ఆరు స్తంభాలున్నాయి. నాకు తెలిసినవాళ్ళంతా అయిపోయారు, అందుకే మీకు చెప్పాను. మీరు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. రేపు పొద్దున ఆరింటికి బండి తీస్తాను.